కాంఫ్రీ ఎరువును పుట్టించదు, మోసుకొస్తుంది

బ్రిటన్‌లో కూరగాయలు పండించే పెరళ్లలో, స్థానిక కౌన్సిళ్లు అద్దెకిచ్చే తోటమడుల్లో కంపోస్టు తొట్టి పక్కన తరచూ ఒక గుబురు కనిపిస్తుంది. నడుమెత్తు పెరుగుతుంది. మూరెడు ఆకులు, పట్టుకుంటే అరచేతిని గీరే గరుకు నూగు, వేసవి మొదట్లో వంకీ తిరిగి వేలాడే ఊదారంగు పూలు. దాన్ని కూరకు పెంచరు, అందానికీ పెంచరు. కోసి కుళ్లబెట్టడానికే పెంచుతారు. పేరు కాంఫ్రీ.

దీని ఆకు ఇట్టే కుళ్లుతుంది. కుళ్లితే పొటాష్ దండిగా ఉన్న నల్లటి ద్రవం దిగుతుంది. టమాటాలకు కొట్లో కొనే సీసా ఎరువు బదులు దాన్ని పోయవచ్చు. ఇంతవరకు నిజమే. దీనికి తోడు మరో మాట కూడా బాగా ప్రచారంలో ఉంది: కాంఫ్రీ వేళ్లు పాతాళం దాకా దిగి, ఇతర మొక్కలకు అందని ఖనిజాలను పైకి తోడి, పెరటికంతటికీ ఉచితంగా ఎరువు పెడతాయని. ఇందులో సగమే నిజం. రెండో సగాన్ని కూడా నమ్మి, మడికి ఏమీ వేయకుండా ఆకు కోసుకుంటూ పోయినవారి కాంఫ్రీ నాలుగైదేళ్లలో నీరసించిపోతుంది. ఎందుకో చూడాలంటే కాస్త లెక్క వేయాలి. అంతకన్నా ముందు ఏ కాంఫ్రీ నాటాలో తేల్చుకోవాలి. తప్పు రకం నేలలో పడితే లెక్కలకన్నా పెద్ద తలనొప్పి మొదలవుతుంది.

ఏ కాంఫ్రీ?

యూరప్‌లో వాగుల పక్కన, తడి గుంటల దగ్గర తనంతట తాను మొలిచేది సాధారణ కాంఫ్రీ, సింఫైటమ్ అఫిసినేల్. గింజ కట్టి చుట్టుపక్కలంతా పాకుతుంది. కాకసస్ ప్రాంతం నుంచి వచ్చిన ముళ్లనూగు రకం సింఫైటమ్ ఆస్పెరమ్. ఈ రెండూ కలిసి పుట్టిన సంకరాన్ని రష్యన్ కాంఫ్రీ అంటారు. తోటల్లో ఎరువు కోసం పెంచేది ఈ సంకరాన్నే.

ఇది ఇంగ్లండు చేరిన దారి ఎరువులతో సంబంధం లేనిది. ఎసెక్స్‌లోని కాగెషాల్‌లో హెన్రీ డబుల్‌డే అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖవాడు) ఉండేవాడు. తపాలా బిళ్లల వెనక పూసే జిగురు కోసం వెతుకుతూ, 1870లలో రష్యా నుంచి కాంఫ్రీ తెప్పించాడు. దీని వేరులో బంక ఉంటుంది మరి. మన బంకనక్కెర కాయను కూడా వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం ఈ కుటుంబంలోనే లెక్కించారు, జిగురు సంగతి మనవాళ్లకు కొత్త కాదు. డబుల్‌డేకు జిగురు కుదరలేదు గానీ, ఆ మొక్క కోసిన కొద్దీ పెరగడం చూసి జీవితాంతం దాని వెంటే పడ్డాడు. 1902లో పోయాడు. 1950లలో లారెన్స్ హిల్స్ అనే తోటల రచయిత అదే ఎసెక్స్‌లో, బ్రెయిన్‌ట్రీ పక్కనున్న బాకింగ్‌లో స్థలం తీసుకుని, రష్యన్ కాంఫ్రీలోని వేర్వేరు రకాలను విడదీసి నంబర్లు వేసి పరీక్షించాడు. ఆ పని కోసం పెట్టిన సంఘానికి డబుల్‌డే పేరే పెట్టాడు. ఇప్పుడు దాన్ని గార్డెన్ ఆర్గానిక్ అంటున్నారు.

ఆ నంబర్లలో తోటవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది బాకింగ్ 14. ఆకు దిగుబడి ఎక్కువ, పొటాష్ ఎక్కువ, పీచు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ఇది గొడ్డు మొక్క. పూస్తుంది, తేనెటీగలు వస్తాయి, గింజ మాత్రం కట్టదు. కాబట్టి నాటిన చోటే ఉంటుంది. బాకింగ్ 4 పశువుల, కోళ్ల మేతకని పేరు పడిన రకం.

గింజ కట్టని మొక్క గింజలను ఎవరూ అమ్మలేరు. ఆన్‌లైన్‌లో పొట్లంలో దొరికే ‘కాంఫ్రీ విత్తనాలు’ ఏ పేరుతో ఉన్నా బాకింగ్ 14 కావు, పాకే సాధారణ రకమే అయి ఉంటుంది. కొనాల్సింది వేరు ముక్క, లేదా మొదలు నుంచి విడదీసిన పిలక.

మడి లెక్క

కాస్త వాడిపోయిన కాంఫ్రీ ఆకులో నత్రజని 0.7 శాతం దగ్గర, పొటాష్ 1.2 శాతం దగ్గర ఉంటాయి. నత్రజనిలో పశువుల ఎరువుకు కాస్త పైన, పొటాష్‌లో దానికి మూడు రెట్ల పైన అన్నమాట. ఆకులో కర్బనం, నత్రజని పాళ్లు 10కి 1 దగ్గర ఉంటాయి. అందుకే నేలలో వేస్తే ఎండుగడ్డిలా నత్రజనిని లాక్కోకుండా తొందరగా కరిగిపోతుంది.

ఇప్పుడు పది మొక్కల మడి తీసుకుందాం. ముక్కాలు మీటరు ఎడంతో నాటితే ఆరు చదరపు మీటర్లలోపు పడుతుంది. బాగా కుదురుకున్న మొక్క కోతకు రెండు కిలోల దాకా ఇస్తుంది. ఏడాదికి నాలుగు కోతలంటే 80 కిలోల పచ్చి ఆకు. నీరు పోతే పొడి పదార్థం 10 కిలోల దగ్గర తేలుతుంది. అందులో నత్రజని 3 శాతం, పొటాష్ 5 శాతం వేసుకున్నా ఏటా 300 గ్రాముల నత్రజని, అరకిలో పొటాష్ ఆ ఆరు మీటర్లను దాటి పోతున్నాయి. ఇవి ఎక్కడివి?

పొటాష్ సంగతి వరకు నేలను బట్టి ఉంటుంది. బంకమట్టి రేణువుల పొరల మధ్య పొటాష్ నిల్వ చాలా ఉంటుంది, అది మెల్లగా వదులుతుంది. రెండు మీటర్ల దాకా దిగే కాంఫ్రీ వేరు ఆ నిల్వను వాడుకోగలదు. ఇసుక నేలలో ఆ నిల్వే లేదు, వేరు ఎంత లోతు దిగినా తోడటానికి ఏమీ ఉండదు. ఇక నత్రజని బంకమట్టి అడుగునా దొరకదు. చిక్కుడు, జీలుగ లాంటి వాటికి వేళ్ల మీద బొడిపెలుంటాయి, అందులోని సూక్ష్మజీవులు గాలి నుంచి నత్రజనిని పట్టిస్తాయి. కాంఫ్రీకి అలాంటివి లేవు. పైనుంచి వేసిందే తింటుంది, అదీ ఆబగా తింటుంది. పోషకాలను తోడే మొక్కలంటూ కాంఫ్రీకి పెద్దపీట వేసే జాబితాలు ఈ ఒక్క సంగతినే వదిలేస్తాయి.

మరి లాభమేమిటి? ఎవరూ కూరగాయలకు నేరుగా వేయలేని ముడిసరుకును కాంఫ్రీ తట్టుకుంటుంది. పచ్చి కోళ్ల ఎరువు టమాటా మొదట్లో పడితే వేరు మాడుతుంది. కాంఫ్రీ గుబురు చుట్టూ పడితే ఆకు నల్లబడేంత పచ్చగా లేస్తుంది. పది పాళ్ల నీళ్లు కలిపిన మూత్రమూ అంతే. కంపోస్టు కుప్ప కింద నుంచి వానకు ఊరి కారిపోయే సారాన్ని కూడా పట్టుకుంటుంది. తోటవాళ్లు దీన్ని కుప్ప పక్కన, పల్లం వైపు నాటడంలో తెలివి అదే. ఒకచోట వృథాగా, లేదా ఘాటుగా ఉన్న పోషకాలను ఆకులోకి ఎక్కించి, మరోచోటికి సాధువుగా చేర్చే మొక్క ఇది. ఆ పని దీనంత బాగా చేసేవి చల్లటి దేశాల్లో తక్కువ.

కాబట్టి మడికి ఏటా పెట్టాలి. వసంతంలో మొక్కకు ఒక బకెట్ సగం మాగిన పశువుల ఎరువు, లేదా ఎండిన కోళ్ల ఎరువు గుళికలైతే ఏడాది మొత్తానికి కిలో చొప్పున కోతకోతకూ పంచి వేయాలి. పై లెక్కలోని నత్రజని దాదాపు దీంతో సరిపోతుంది.

నాటడం, కోయడం

చూపుడువేలు పొడవు వేరు ముక్క చాలు. బొటనవేలు లావుంటే ఇంకా మంచిది. బ్రిటన్ వాతావరణంలో మార్చి నుంచి మే దాకా, లేదా నేల వెచ్చదనం పోకముందు సెప్టెంబరులో నాటుతారు. ముక్కను అడ్డంగా పడుకోబెట్టి రెండు అంగుళాల మట్టి కప్పితే ఏ వైపు పైకి ఉండాలన్న గొడవ ఉండదు. ఎడం 60 నుంచి 90 సెంటీమీటర్లు. దగ్గరగా నాటితే మొదటి రెండేళ్లు నిండుగా కనిపించి, తర్వాత మధ్యలో గాలి ఆడక బూడిద తెగులు పడుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: గడ్డి నేలలో గుంట తీసి అందులో నాటేస్తారు. పెరిగిన కాంఫ్రీ ఏ కలుపునైనా తన నీడతో అణిచేస్తుంది నిజమే, కానీ అది రెండో ఏటి మాట. మొదటి ఏడు లేత మొక్క గడ్డి వేళ్ల మధ్య నలిగిపోతుంది. నాటే ముందు నేల శుభ్రంగా తవ్వి, గడ్డి వేళ్లు ఏరెయ్యాలి. సున్నపురాయి మీద పలుచని మట్టి ఉన్న చోట ఇది సరిగా నిలవదు. లోతైన, తేమ నిలిచే నేల కావాలి. కొంత నీడ ఉన్నా ఓర్చుకుంటుంది.

మరో మాట కూడా నాటకముందే. స్థలాన్ని ఇరవై ఏళ్లకు ఎంచుకోవాలి. తర్వాత మనసు మారి తవ్వి తీస్తే, మట్టిలో మిగిలిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. రోటావేటర్ పెట్టారంటే పది మొక్కలు రెండు వందలవుతాయి. నిజంగా వదిలించుకోవాలంటే కోసేసి, మందపు అట్టల మీద నల్ల ప్లాస్టిక్ పరిచి, అంచుల్లోంచి తొంగిచూసే ప్రతి చిగురునూ తుంచుతూ రెండేళ్లు ఆగాలి.

మొదటి ఏడాది కోయకూడదు. పూకాడ వస్తే దాన్ని మాత్రం తీసేయాలి. వేరు బలపడక ముందే ఆకు కోస్తే మొక్క చావదు గానీ, తర్వాతి రెండు మూడేళ్లూ కుంటుతూనే ఉంటుంది. రెండో ఏడు నుంచి, ఆకు రెండడుగులు లేవగానే, నేలకు రెండు అంగుళాలు పైన కొడవలితోనో తోటకత్తెరతోనో గుబురంతా కోసేయాలి. ఐదారు వారాలకు మళ్లీ కోతకు వస్తుంది. మే నుంచి సెప్టెంబరు మధ్య దాకా మూడు నుంచి ఐదు కోతలు. ఆఖరిగా లేచిన ఆకును వదిలేయాలి. చలికాలంలో పైనంతా చచ్చి నల్లగా పడిపోతుంది, వచ్చే వసంతపు చిగురుకు కావాల్సిన పిండి ఈ చివరి ఆకుల నుంచే వేరులోకి దిగాలి. అక్టోబరులో ఆశపడి ఇంకో కోత తీసినవారికి మరుసటి మేలో మొదటి కోత సగమే దక్కుతుంది.

చేతులకు తొడుగులు తప్పనిసరి, పొడుగు చేతుల చొక్కా కూడా. నూగు గుచ్చుకుంటే దద్దుర్లు, మంట. పదీ ఒకేసారి కోయకుండా సగం సగంగా కోస్తే పూలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, తేనెటీగలకు మేత తెగదు.

ఆకు వెనక నారింజ పసుపు పొడి కనిపిస్తే అది కాంఫ్రీ తుప్పు తెగులు. శిలీంధ్రం మొదట్లోనే కాపురముంటుంది, మందుతో వదిలేది కాదు. మొక్క బతికే ఉంటుంది, దిగుబడి ఏటేటా పడిపోతుంది. ఆ మొక్క నుంచి వేరు ముక్కలు తీసి స్నేహితులకు పంచడం ఆ తెగులును పంచడమే. తీసి పారేసి, మరోచోట శుభ్రమైన ముక్కలతో మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

ఆకును వాడే తీరు

ద్రవం సంగతే అందరూ చెబుతారు గానీ, శ్రమ తక్కువ పని ఆకును నేరుగా నేలకు వేయడం. బంగాళాదుంపలకు కాలువ తీసి, అడుగున మీటరుకు కిలోన్నర, రెండు కిలోల చొప్పున ఆకు పరిచి, పలుచగా మట్టి చల్లి, దుంపలు పెట్టి పూడుస్తారు. దుంప ఊరే నాటికి ఆకు కరిగి పొటాష్ అందుతుంది. కోసిన ఆకును ఒకటి రెండు రోజులు ఎండలో వాడ్చి వేయాలి. లేకపోతే కాడల్లో, మొదట్లో ప్రాణమున్న ముక్కలు వేరు తన్ని బంగాళాదుంప మడి కాంఫ్రీ మడి అవుతుంది. పూకాడలు అసలే వద్దు.

టమాటా, చిక్కుడు, బెర్రీ పొదల చుట్టూ రెండంగుళాల మందాన మల్చింగ్‌గా పరచవచ్చు. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి. తడి వాతావరణంలో దీని కింద నత్తలు చేరతాయి, లేత నారు చుట్టూ పరిస్తే తెల్లారేసరికి నారు ఉండదు. కంపోస్టు కుప్పలో పలుచటి వరసలుగా వేస్తే కుప్ప వేడెక్కుతుంది. మందంగా ఒకేచోట పోస్తే మాత్రం జిగట ముద్దయి గాలి ఆడదు. అట్టముక్కలు, ఎండాకులు మధ్యమధ్య పడాలి.

ద్రవం రెండు రకాలుగా తీస్తారు.

మొదటిది నానబెట్టడం. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో 15 లీటర్ల నీళ్లకు కిలో ఆకు చొప్పున వేయాలి. ఆకును ఉల్లిపాయల వల సంచిలో కట్టి ముంచితే తర్వాత వడపోత బాధ ఉండదు, నీళ్లు చల్లే క్యాన్ రంధ్రాలు పూడవు. ఎండాకాలం నాలుగు వారాలు, చల్లగా ఉంటే ఆరు. ఈ పాళ్లలో చేసింది నీళ్లు కలపకుండా నేరుగా మొదట్లో పోయవచ్చు. దీని ఇబ్బంది వాసన. నీళ్లలో మునిగిన ఆకుకు గాలి అందదు, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు ఆకులోని మాంసకృత్తులను విరగ్గొడతాయి, అమ్మోనియా, గంధకపు వాయువులు పుడతాయి. పశువుల మూత్రపు గుంట దగ్గర నిలబడినట్టే ఉంటుంది. మూత సరిగా లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పొడుగు తోకతో తెల్లటి పురుగులు ఈదుతూ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అవి పూల మీద వాలే ఒక రకం ఈగ పిల్లలు.

రెండోది నీళ్లు లేకుండా ఒత్తి సారం తీయడం. చేతికి శుభ్రం, చోటు తక్కువ, ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడికే. నిలువుగా బిగించిన పీవీసీ పైపు దీనికి బాగుంటుంది. 110 మిల్లీమీటర్ల పైపు మీటరు నుంచి మీటరున్నర ముక్క, కింద ఎండ్ క్యాప్, క్యాప్ మధ్యలో 8 మిల్లీమీటర్ల రంధ్రం, లోపలి వైపు రంధ్రం మీద గిన్నెలు తోమే స్టీలు పీచు ఉండ. దీన్ని కంచెకో గోడకో రెండు క్లాంపులతో బిగించి, కింద ప్లాస్టిక్ సీసా పెట్టాలి. ఆకును నాలుగు వేళ్ల ముక్కలుగా నరికి పైనుంచి కుక్కాలి. తడి ఇసుక నింపిన లీటరు సీసా మెడకు తాడు కట్టి బరువుగా దించాలి. రెండు లీటర్ల సీసా ఈ పైపులో ఇరుక్కుంటుంది. పైన వాన పడకుండా మరో క్యాప్ వదులుగా పెట్టాలి.

వెచ్చటి వాతావరణంలో పది రోజులకు ముదురు గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. ఆకు కిందికి కుంగిన కొద్దీ పైన కొత్తది వేస్తూ పోవచ్చు. చుక్క ఆగిపోతే ముందు అనుమానించాల్సింది రంధ్రం, కింద నుంచి తీగ పెట్టి పొడిస్తే సరి. ఆకు మరీ ఎండిపోయాక వేసినా సారం దిగదు, ఒక పూట వాడ్చితే చాలు. నీళ్లలా పలుచగా ఎక్కువగా దిగుతోందంటే పైనుంచి వాన పడుతోందని. ఇనుప డబ్బా వాడకూడదు, తుప్పు పట్టి ద్రవంలో కలుస్తుంది.

దిగిన సారాన్ని చీకటి, చల్లటి చోట ప్లాస్టిక్ సీసాల్లో ఉంచాలి. మూత గట్టిగా బిగించకూడదు, ఇంకా పులుస్తూ వాయువు పుడుతుంది, గాజు సీసా అయితే పగిలే ప్రమాదం ఉంది. వాడేటప్పుడు ఒక వంతు సారానికి పది నుంచి ఇరవై వంతుల నీళ్లు. ప్రతిసారీ ఒకే చిక్కదనం రాదు కాబట్టి కొలతకన్నా రంగును నమ్మడం మేలు: పాలు పోయని పలుచటి టీ రంగు రావాలి.

తెలుగువారి పెరట్లో దేనికి?

బ్రిటన్‌లో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఇల్లినాయి వైపు స్థిరపడిన తెలుగువారు మే నుంచి అక్టోబరు దాకా పెరట్లో వేసేది దాదాపు ఒకే జాబితా: టమాటా, మిరప, వంగ, సొర, బీర, గోంగూర, కొత్తిమీర. మంచు కప్పినా కాంఫ్రీ వేరు చావదు కనుక ఆ చోట్లన్నిటా అది సులువుగా నిలుస్తుంది. టెక్సస్ లాంటి చోట మధ్యాహ్నం తర్వాత నీడ పడే మూల చూసి నాటి, వేసవిలో నీళ్లు కట్టాలి. లేకపోతే జూలైలో ఆకు గుడ్డపీలికలా వాలిపోతుంది.

ఈ జాబితాలో అన్నిటికీ కాంఫ్రీ ద్రవం పనికొస్తుందనుకోవడం పొరపాటు. ఇందులో పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ. టమాటా, మిరప, వంగకు మొదటి పిందె పడ్డాక వారానికోసారి, పెద్ద కుండీకి లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే ఫలితం ఉంటుంది. పిందెకు ముందు పోయడం వల్ల ఒరిగేది లేదు. సొర, బీరలకు తీగ సాగే దశలో నత్రజని కావాలి, ఆ పని గుంటలో వేసిన కంపోస్టు చూసుకుంటుంది, పిందెలు రాలకుండా నిలబడే దశలో ఈ ద్రవం. గోంగూర ఆకు పంట, దానికి పొటాష్ నీళ్లు పోస్తూ ఆకు పెరగడం లేదని విసుక్కోవడంలో అర్థం లేదు. కోళ్ల ఎరువో, బ్రిటన్‌లో ఎక్కడ పడితే అక్కడ మొలిచే నెటిల్ ఆకు నానబెట్టిన నీళ్లో దానికి మేలు. కొత్తిమీరకు అసలే వద్దు: పచ్చిగా తినే ఆకు మీద కుళ్లిన నీళ్లు చల్లకూడదు. నారుకు కూడా వద్దు, లేత వేళ్లకు ఘాటు ఎక్కువ.

మోతాదు మించితే టమాటా చెబుతుంది. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగితే మెగ్నీషియం అందడం లేదని గుర్తు. నేలలో అది ఉన్నా పొటాష్ పోటీపడి అడ్డుకుంటుంది. కాయ అడుగు నల్లబడి తోలులా మారితే కాల్షియం అందడం లేదు, నీళ్ల ఎడతెగుడు దానికి పెద్ద కారణం, అతి పొటాష్ దానికి తోడు. రెండు సందర్భాల్లోనూ ద్రవం ఇంకా పోయడం కాదు, రెండు మూడు వారాలు ఆపి మామూలు నీళ్లు క్రమం తప్పకుండా ఇవ్వడమే మందు.

తినకూడదు

పాలకూరలా నిగనిగలాడే ఆకును చూస్తే పప్పులో వేయాలనిపించడం తెలుగు చేతికి సహజం. యూరప్‌లో శతాబ్దాలపాటు విరిగిన ఎముకలకు కట్టు కట్టారు, ఆకు వండుకున్నారు, టీ కాచుకున్నారు. కానీ ఇందులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషాలు ఉన్నాయి, అవి కాలేయంలోని సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. దెబ్బ ఒక్కరోజులో కనిపించదు, మెల్లగా పేరుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో కాంఫ్రీ కలిసిన తినే ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమని తయారీదార్లకు సూచించింది. పాత పుస్తకాల్లోని వంట పద్ధతులను అక్కడే వదిలేయాలి. పైగా లేత కాంఫ్రీ ఆకు, ప్రాణాంతకమైన ఫాక్స్‌గ్లోవ్ ఆకు ఒకదానికొకటి పోలి ఉంటాయి.

ఎరువుగా వాడితే ఈ విషం పంటలోకి వస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. కుళ్లే మొక్కల నుంచి నేలలోకి దిగిన ఈ ఆల్కలాయిడ్లను పక్క మొక్కలు కొంత పీల్చుకోగలవని ప్రయోగాల్లో తేలింది. అందుకే ద్రవాన్ని ఆకుల మీద పిచికారీ చేయకుండా మొదట్లో మట్టికే పోయడం, ఆకుకూరలకు, తులసి, పుదీనా లాంటి వాటికి దూరంగా ఉంచడం, కాయ పంటలకే పరిమితం కావడం తెలివైన పని.

మన నేల మీద

ఇదంతా చదివి ఆంధ్ర, తెలంగాణల్లో కాంఫ్రీ వేయాలా అంటే, మైదానాల్లో అక్కర్లేదు. చల్లటి, తడి వేసవికి అలవాటుపడిన ఈ వెడల్పాటి ఆకు 42 డిగ్రీల మే నెల ఎండకు నిలవదు. విదేశం నుంచి వచ్చేవాళ్లు వేరు ముక్కలు సూట్‌కేసులో తేవడం మరీ తప్పు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటే సరుకు ఏదైనా అనుమతి పత్రం, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రాకూడదు. తుప్పు తెగులు లాంటివి దేశాలు దాటేది ఇలాంటి ముక్కల మీదే.

కాంఫ్రీ చేసే పనిని మన దగ్గర రెండుగా విడదీసి చూడాలి. కోసిన కొద్దీ చిగురించి, నేలకు పచ్చి ఆకు అందించే పని గట్టు మీది గ్లైరిసిడియాది. అది చిక్కుడు కుటుంబపు చెట్టు, గాలి నత్రజనిని పట్టేస్తుంది, ఆ ఒక్క విషయంలో కాంఫ్రీకన్నా పైచేయి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో చేపట్టిన వాటర్‌షెడ్ పనుల్లో పొలం గట్లకు దీన్ని నాటించింది. తొలకరిలో బొటనవేలు దాటి లావున్న మీటరు కొమ్మ పాతితే చిగురిస్తుంది. వరి మడిలో జిల్లేడు, కానుగ రొట్ట తొక్కడం, జీలుగ పూతకు రాగానే కలియదున్నడం మనకు పాతవే. అవన్నీ నత్రజనికి, నేల గుల్లబారడానికి.

పొటాష్ వాటా అరటి బోదెది. గెల కొట్టాక నరికి గట్టున పడేసే బోదెలో తొంభై శాతం పైగా నీరే, ఆ నీటిలో పొటాష్ దండిగా ఉంటుంది. సన్నగా తరిగి, అడుగున రంధ్రం ఉన్న డ్రమ్ములో రాయి బరువు పెట్టి ఉంచితే కాంఫ్రీ పైపులో దిగినట్టే సారం దిగుతుంది. పది పాళ్ల నీళ్లతో మొదలుపెట్టి మొక్క తీరు చూసుకోవచ్చు. బట్టల మీద పడితే మాత్రం ఆ మరక పోదు. చెరువుల్లో గుర్రపుడెక్క కూడా పొటాష్ బాగా పట్టే మొక్కే. అయితే ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుదైతే అది భార లోహాలను కూడా అంతే బాగా పడుతుంది, కూరగాయల దగ్గరికి తేకూడదు.

ఇక కృష్ణా, గుంటూరు, కర్నూలు నల్లరేగడిలో పొటాష్ సహజంగానే తరచూ సరిపడా ఉంటుంది. ఎర్ర చల్కాల్లో, ఇసుక నేలల్లో, ముఖ్యంగా మేడ మీది కుండీల్లో అది త్వరగా కొట్టుకుపోతుంది. నేల పరీక్ష కార్డులో పొటాష్ గడి ఎదురుగా ‘ఎక్కువ’ అని ఉంటే బోదె సారం తీసే శ్రమ మానేసి, ఆ బోదెను ముక్కలు చేసి అరటి పాదులోనే పడేయవచ్చు.